‘ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?’ అని అడిగే పిల్లలకు ఏం చెప్పాలి

ప్రశ్న: డీఎస్సీలో సెలెక్టయి రెండేళ్ల క్రితం జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌గా చేరాను. పాఠం మధ్యలో పుస్తకంలో లేని సంగతి ఏదైనా చెప్పబోతే “టీచర్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?” అంటారు. రాదంటే పెన్నులు కింద పెట్టేస్తారు. సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని హెచ్‌ఎం గారు వారం వారం అడుగుతారు. పిల్లల్లో తెలుసుకోవాలనే కోరిక పుట్టించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు దానికి టైమ్ ఎక్కడ ఉంది?

జవాబు:

మేడమ్, నేను పశ్చిమ గోదావరి జిల్లాలో, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఉన్న మండలాల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. రాదంటే పెన్నులు కింద పెట్టేస్తారన్నారు కదా, మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు. నేనైతే పెన్నులు కింద పెట్టమని నేనే చెప్పేవాణ్ణి. “ఇది పరీక్షలో రాదు, ఎవరూ రాసుకోవద్దు, పెన్నులు మూసేసి ఇటు చూడండి” అనేవాణ్ణి. రోజంతా బోర్డు మీది అక్షరాలు నోట్సులోకి దించుకునే పిల్లలకు చేతులు ఖాళీ అయ్యేది అప్పుడే. తల ఎత్తి చూసేదీ అప్పుడే.

వాళ్లు ఆ ప్రశ్న అడిగారంటే మీ పాఠం బాగోలేదని కాదు. ఆరో తరగతి నుంచి వాళ్లు చూస్తున్నది అదే. టిక్కు పెట్టించిన ప్రశ్నే చదవాలి, గైడులో ఉన్న జవాబే రాయాలి, బిట్లు కంఠతా పట్టాలి. మిగతాది చదివితే ఒరిగేదేమీ లేదు. లెక్క బాగా నేర్చుకున్నారు. అందుకని వాళ్లకు నిజమే చెప్పండి. “రావచ్చు, ఎందుకైనా మంచిది, వినండి” అని మాత్రం అనకండి. ఆ మాట అన్నారంటే పరీక్షలో వచ్చేదే విలువైనదని మీరూ ఒప్పుకున్నట్టు. పైగా మార్చిలో పేపరు చూశాక మీ మాట తేలిపోతుంది.

టైమ్ సంగతి. దీనికి విడిగా పీరియడ్ అడగకండి, అడిగినా ఇవ్వరు. నలభై, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అయిదారు నిమిషాలు చాలు, అదీ రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు. ఆ నిమిషాలు పాఠం చివర పెట్టుకుంటే బెల్లు మింగేస్తుంది. మొదట్లో పెట్టుకోండి. పాఠంలోకి ఆ దారినే వెళ్తే సిలబస్‌కు పోయేది పెద్దగా ఉండదు, ఎందుకంటే పాఠం పరిచయానికి ఎలాగూ ఆ మాత్రం సమయం పోతుంది.

లోలకం పాఠమే తీసుకోండి. సూత్రం రాసేముందు అట్లతద్ది ఉయ్యాల గురించి అడగండి. ఒక అమ్మాయి కూర్చుని ఊగితే ఒక ఊపుకు ఎంతసేపు పడుతుందో, ఇద్దరు కూర్చుంటే అంతకన్నా ఎక్కువ పడుతుందా, తక్కువా, అంతేనా? చేతులు ఎత్తించండి. మూడు గుంపులు అవుతాయి. ఎవరి అంచనా ఏమిటో బోర్డు మీద లెక్క రాయండి, ఎవరు రైటో చెప్పకండి. తర్వాత మీటరు పొడవు దారానికి చిన్న రాయి ఒకసారి, పెద్ద రాయి ఒకసారి కట్టి, పది ఊపులకు ఎన్ని సెకన్లో చూడమనండి. రెండుసార్లూ ఇరవై సెకన్లకు అటూ ఇటూగా వస్తుంది. దారం పొడవును పావు మీటరు చేస్తే పది సెకన్లకు దిగుతుంది. రాయి బరువుతో పని లేదని, పొడవు పావు వంతయితే సమయం సగమే అవుతుందని వాళ్ల చేతుల్లోనే తేలిపోతుంది. సూత్రం అప్పుడు రాస్తే వర్గమూలం ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఇంతలో ఎవరో ఒకరు, సాధారణంగా వెనక బెంచీ పిల్ల, “నిలబడి ఊగితే వేరేగా ఉంటుంది సార్” అంటుంది. నిలబడితే బరువు కేంద్రం పైకి వెళ్లి లోలకం పొడవు తగ్గినట్టే కదా. ఆ మాట ఏ గైడులోనూ ఉండదు, ఆ పిల్ల ఊగి తెలుసుకుంది.

ఇందులో గుర్తు పెట్టుకోవాల్సింది ముందు అంచనా చెప్పించడం. అంచనా చెప్పని పిల్లవాడు ప్రయోగాన్ని టీవీ చూసినట్టు చూస్తాడు. చెప్పినవాడికి తన మాట నెగ్గుతుందా లేదా అన్న ఆత్రం ఉంటుంది.

ఇంకొకటి, ప్రశ్న అడిగాక మీరు ఎంతసేపు ఆగుతున్నారో గమనించండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల టేపులు విని లెక్కగట్టింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగి, జవాబు తామే చెప్పేస్తున్నారు, లేదా ఇంకొకరిని లేపుతున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడగడం పెరిగింది. మూడు సెకన్లు అంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది. క్లాసు ముందు నిలబడి ఆగి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది! మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా వెంటనే “గుడ్” అనకండి, మళ్లీ అంతసేపు ఆగండి. చాలాసార్లు అసలు మాట రెండోసారి వస్తుంది.

ఇక మా చెరువుల సంగతి చెప్తాను, ఎందుకంటే దీనికి మీ ఊళ్లోనూ ఏదో ఒకటి సాటి ఉంటుంది. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు. పుస్తకంలో నిమ్మరసం, సబ్బు నీళ్లు, వంటసోడా ఉంటాయి. ద్రవం ఆమ్లమో క్షారమో చెప్పే అంకె పీహెచ్, ఏడు కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నేను “మన చెరువు నీళ్ల పీహెచ్ ఎంతుంటుంది?” అని అడిగాను. వెనక కూర్చున్న ఒక కుర్రాడు, యూనిట్ టెస్టుల్లో పాస్ మార్కులు కూడా కష్టంగా తెచ్చుకునేవాడు, “ఎప్పటిది సార్? పొద్దున్నదా, మధ్యాహ్నానిదా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడి నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. రాత్రిళ్లు వీడూ అక్కడే పడుకుంటాడు. పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఇంకో రకంగా ఉంటుందని చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబ్ వాళ్లు చెబుతుంటే విన్నాడు. ఎందుకలా అన్నది మాత్రం ఎవరినీ అడగలేదు, అడిగితే పెద్దవాళ్లు కసురుతారు.

పాఠం ఆపి, ఆ ప్రశ్ననే అందరికీ ఇచ్చాను. చెరువులు దగ్గరున్న నలుగురికి పీహెచ్ పేపరు ముక్కలు ఇచ్చి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి చెరువు గట్టు మీదే ముంచి చూడమన్నాను. సీసాలో పట్టుకొచ్చి బళ్లో చూస్తే లెక్క మారిపోతుంది కనుక గట్టు మీదే చూడాలి. పెద్దవాళ్లెవరైనా పక్కనుండాలని గట్టిగా చెప్పాను, చెరువు చెరువే. రంగులు తేడాగా వచ్చాయి. పొద్దున ఏడు, ఏడున్నర దగ్గర ఉన్నది, మధ్యాహ్నానికి ఎనిమిది దాటి తొమ్మిది వైపు వెళ్లింది. నీళ్లలో ఎవరూ ఏమీ కలపలేదు కదా, మరి సబ్బు నీళ్ల వైపు ఎందుకు జరిగింది?

కారణం నీటిలో ఉండే సన్నటి ఆకుపచ్చ నాచు. దాన్నే మా రైతులు ప్లాంక్టన్ అంటారు. ఎండ ఉన్నంతసేపు అది నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటుంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లం అవుతుంది కాబట్టి, అది తగ్గే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగున ఉన్న బాక్టీరియా అన్నీ ఊపిరి పీలుస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ దిగుతుంది. ఆక్సిజన్ కూడా రాత్రంతా ఖర్చయి, తెల్లవారేముందు అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రిళ్లు తిరిగేది అందుకే. “డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది, చేప తేలుతోంది” అని తెల్లవారుజామున ఫోన్లు వచ్చేదీ అందుకే. ఇది చెప్పేసరికి పిల్లలే అందుకున్నారు. “మరి మబ్బు పట్టిన రోజు పగలు కూడా ఏరేటర్లు వేస్తారు కదా సార్, ఎండ లేక నాచు పని చేయదనా?” అన్నారు. జీవశాస్త్రం పాఠం, రసాయనశాస్త్రం పాఠం ఒకే చెరువులో కలిశాయి. కరెంటు బిల్లు కూడా కలిసిందనుకోండి, అది లెక్కల మాస్టారికి వదిలేశాను.

ఆ కుర్రాడు ఆ ఏడాది ఫస్టు క్లాసు తెచ్చుకున్నాడని చెప్పను, తెచ్చుకోలేదు. కానీ ఆ తర్వాత క్లాసులో వాడు మాట్లాడితే ఎవరూ నవ్వలేదు. “పెద్ద వాన పడితే పీహెచ్ ఏమవుతుంది?” అని వాడే ఇంకో ప్రశ్న తెచ్చాడు. దానికి నేను “నాకూ సరిగా తెలియదు, వాన పడినప్పుడు చూసి చెప్పు” అన్నాను. బోర్డు కుడివైపు పై మూల అలాంటి ప్రశ్న ఒకటి ఎప్పుడూ ఉండేది. తుడవకూడదని క్లాసు లీడర్‌కు చెప్పి పెట్టాను. జవాబు దొరికాకే చెరిపేది. కొన్ని రెండు రోజుల్లో పోయేవి, కొన్ని నెల ఉండేవి. ప్రశ్నల డబ్బా పెట్టమని ట్రైనింగుల్లో చెబుతారు, నేనూ పెట్టాను, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. డబ్బాలో పడిన ప్రశ్న ఎవరికీ కనపడదు. బోర్డు మూల ఉన్న ప్రశ్నను పక్క సెక్షను వాళ్లు, ఇన్విజిలేషన్‌కి వచ్చిన టీచర్లు, ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కూడా చదివేవాళ్లు.

మీ ఊరు ఏదైనా ఇలాంటిది ఉంటుంది. నల్గొండ వైపు అయితే ఫ్లోరైడ్ నీళ్లున్నాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది, దేశదేశాల పుస్తకాల్లో ఆ జిల్లా పేరుతోనే ఉంటుంది. ఆ జిల్లా పిల్లలకే చాలామందికి తెలియదు. వరంగల్ వైపు కాకతీయుల చెరువులు, తూములు ఉన్నాయి. నీటి పీడనం పాఠానికి అంతకన్నా ఏం కావాలి? పట్నంలో బడి అయితే అపార్టుమెంటు ట్యాంకు ఉంది, కింది అంతస్తు కుళాయిలో నీళ్లు ఎందుకంత ధారగా పడతాయో అడగండి.

సిలబస్‌లో అసలు చోటే లేని సంగతులు కూడా కొన్ని వాటంతట అవే బడికి నడిచొస్తాయి. వాటిని వదులుకోకండి. మా వైపు బోదకాలు ఎక్కువ. ఏడాదికోసారి దానికి డీఈసీ అనే మాత్రలు మింగించడానికి ఆరోగ్య సిబ్బంది బడికి వచ్చేవాళ్లు. పిల్లలు సగం మంది నోట్లో పెట్టుకుని బయటికెళ్లి ఉమ్మేసేవాళ్లు. “మాకు కాలు వాపు లేదు కదా, మాకెందుకు?” అనేది వాళ్ల వాదన. న్యాయమైన ప్రశ్నే. దాంతో పాటు ఒక పిల్ల ఇంకోటి అడిగింది. “రక్తం తీయడానికి వాళ్లు రాత్రి పూట ఇంటికొస్తారెందుకు సార్? పగలు బళ్లోనే తీయొచ్చు కదా?”

ఆ రోజు పీరియడ్ మొత్తం దీనికే పోయింది, నాకు చింత లేదు. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు, మైక్రోఫైలేరియాలు, పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. దోమ వచ్చే వేళకు అవి పైకి వస్తాయన్నమాట. పగలు తీసిన చుక్కలో అవి దొరక్కపోవచ్చు. ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో పని చేస్తూ 1870ల చివర్లో దీన్ని కనిపెట్టాడు. వాపు లేనివాళ్ల రక్తంలోనూ అవి ఉండొచ్చు కాబట్టి, దోమ వాళ్ల నుంచి పక్కింటివాళ్లకు మోయకుండా ఊరంతా మాత్ర మింగాలి. ఇక ఆ మాత్ర, డైఇథైల్ కార్బమజైన్, ఎక్కడిదో తెలుసా అని అడిగాను. 1940లలో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో దాన్ని తయారు చేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు, పుట్టింది మన భీమవరంలో. మెట్రిక్ పరీక్ష మూడోసారి గానీ పాసవలేదు. ఈ చివరి ముక్కకు క్లాసు గట్టిగా చప్పట్లు కొట్టింది, అది ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. తర్వాతి ఏడాది ఆ సెక్షనులో మాత్ర ఉమ్మేసినవాళ్లను నేను చూడలేదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఇప్పుడు మీడియం ఇంగ్లిషు అయింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు మీ దగ్గరా ఉండే ఉంటాయి. జవాబులు ఇంగ్లిషులో రాయించండి, తప్పదు. ప్రశ్నలు మాత్రం తెలుగులో అడగనివ్వండి. “సార్, వై ద…” అని మొదలుపెట్టి మాట దొరక్క కూర్చుండిపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. ఆ అమ్మాయి రక్తం ప్రశ్నను ఇంగ్లిషులో అడగాల్సి వస్తే అడిగేదే కాదు. దీని మీద ఎవరైనా అభ్యంతరం చెబితే నా పేరు చెప్పండి, రిటైరయ్యాను కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంట్లో సంగతి కూడా తెలుసు కదా. “ఎదురు ప్రశ్నలు వేయకు” అన్న మాట వింటూ పెరిగిన పిల్లలు వీళ్లు. అందుకని మొదటి రెండు మూడు వారాలు ఎవరూ ఏమీ అడగకపోవచ్చు. నిరుత్సాహపడకండి. ఎవరైనా ఒక పిచ్చి ప్రశ్న అడిగినప్పుడు మీ ముఖం ఎలా పెట్టారో మిగతా నలభై మంది చూస్తుంటారు, వాళ్లు అడగాలా వద్దా అన్నది అక్కడ తేల్చుకుంటారు.

మార్కులు, బహుమతుల విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. మంచి ప్రశ్న అడిగినవాళ్లకు స్టార్లు, పెన్నులు ఇద్దామని మీకు అనిపించవచ్చు. వద్దు. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధమైంది. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేసినప్పుడు వాళ్లు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గింది. ఏ బహుమతీ రానివాళ్లు, చెప్పకుండా హఠాత్తుగా బహుమతి అందుకున్నవాళ్లు మునుపటిలాగే గీశారు. మన పిల్లలకు అన్నిటికీ మార్కులున్నాయి. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనంలో) భాగస్వామ్యానికి మార్కులు, నోట్సుకు మార్కులు, ప్రాజెక్టుకు మార్కులు. ఆ ప్రాజెక్టు పని ఎలా జరుగుతుందో మీకూ నాకూ తెలుసు. జిరాక్సు షాపు అతను అన్ని స్కూళ్లకూ ఒకే ప్రింటు తీసి ఇస్తాడు, పిల్లవాడు రంగుల స్కెచ్ పెన్నుతో బోర్డరు గీస్తాడు. బోర్డు మూల ప్రశ్నకు మార్కులు లేకపోవడమే దాని బలం.

సైన్స్ ఫెయిర్లు కూడా నాకు అంత గొప్పగా అనిపించవు. వంటసోడా, వెనిగర్‌తో పొంగే థర్మోకోల్ అగ్నిపర్వతం ఎన్ని వందలసార్లు పొంగిందో! దాన్ని చేసిన పిల్లవాణ్ణి “లోపల ఏ వాయువు వస్తోంది?” అంటే నాన్న వైపు చూస్తాడు. పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకం వేరు. ఎంపికైన ఆలోచనకు 10 వేల రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో వేస్తారు. పంపండి. కానీ ఏదో ఒక ఐడియా కావాలని ఆఖరి తేదీ ముందు రోజు యూట్యూబ్‌లో వెతికి పంపే పని పెట్టుకోకండి. ఏడాది పొడవునా బోర్డు మూల ప్రశ్నలు నడిస్తే వాటిలో ఒకటి దానికి పనికొస్తుంది.

మీకు కొంచెం ఓపిక ఉండి, దూరపు ఊళ్లో తెలిసిన టీచరు ఉంటే ఒకటి చేసి చూడండి. డిసెంబరు 22 దగ్గర, ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి, మీటరు కర్రను నిటారుగా పాతి మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. తిరుపతిలో అది సుమారు 76 సెంటీమీటర్లు వస్తే, ఆదిలాబాద్‌లో 94 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. పదో తరగతి త్రికోణమితిలో టాన్ విలువ తెలిసిన పిల్లలు రెండు కోణాలూ కట్టేస్తారు, తేడా ఆరు డిగ్రీలు. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, ఉత్తర దక్షిణాలుగా మధ్య దూరం 670 కిలోమీటర్లు. ఆరు డిగ్రీలకు అంతయితే 360 డిగ్రీలకు ఎంత? 40,200. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు! రెండు వేల రెండొందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసింది ఇదే. ఫోన్‌లో ఒక సెకనులో దొరికే అంకెను ఒక కర్ర, ఒక టేపుతో తెచ్చామని పిల్లలకు కలిగే గర్వం చూడాలి. రోజూ పన్నెండింటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడన్న భ్రమ కూడా దీంతో పోతుంది. మన వైపు నీడ పూర్తిగా మాయమయ్యేది ఏడాదికి రెండే రోజులు. భీమవరం వైపు మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దాటుతుండగా ఒకసారి. మే నెలది సెలవుల్లో పోతుంది, ఆగస్టుది మబ్బుల్లో పోతుంది.

హెచ్‌ఎం గారి సంగతి. ఆయన్ని శత్రువు చేసుకోకండి, ఆయన్ని పై నుంచి అడిగేవాళ్లు ఉన్నారు. ముందు మీ సిలబస్ డైరీ సరిగ్గా ఉండాలి. ఆయన అడిగే రోజు మీరు ఒక పాఠం ముందుంటే, బోర్డు మూల ఏమున్నా పట్టించుకోరు. దీనివల్ల మార్కులు పెరుగుతాయని మాత్రం మాట ఇవ్వకండి. ఆసక్తి రేగినప్పుడు చదివింది ఎక్కువ గుర్తుంటుందని పరిశోధనలున్నాయి. 2014లో కాలిఫోర్నియాలో మెదడు స్కాన్లతో చేసిన ఒక అధ్యయనంలో, జవాబు కోసం ఆత్రంగా ఉన్న సమయంలో కళ్లపడిన సంబంధం లేని ముఖాలు కూడా బాగా గుర్తున్నాయని తేలింది. అయినా మన పదో తరగతి పేపరు వేరు, దాని లెక్క వేరు. మార్కుల పేరు చెప్పి దీన్ని మొదలుపెడితే, మార్కులు రాని ఏడాది దీన్నే ముందు ఆపేయమంటారు.

పదో తరగతికి జనవరి నుంచి నేను ఏమీ చేసేవాణ్ణి కాదు. స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, మోడల్ పేపర్లు, అంతే. అప్పటికే పిల్లలు టెన్షన్‌లో ఉంటారు, వాళ్లకు పాసవడం ముఖ్యం, కొందరి ఇళ్లలో ఆ సర్టిఫికెట్టే మొదటిది. ఈ పని ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిది దాకా చేయండి. తొమ్మిదో తరగతి దీనికి బంగారం లాంటి ఏడాది.

ఒక చోట మాత్రం పరీక్షను కూడా మీకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పుడు నర్మదాపురం) జిల్లాలో 1972లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమంలో, పిల్లలు పరీక్షకు పుస్తకం, నోట్సు తీసుకెళ్లే వీలుండేది. చూసి రాసే వీలుంటే, చూసి రాయలేని ప్రశ్నలే అడగాలి కదా. ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది, అది వేరే కథ. యూనిట్ అయ్యాక మీరు సొంతంగా పెట్టుకునే స్లిప్ టెస్టు మీ చేతిలోనే ఉంది. పీహెచ్ నిర్వచనం అడిగే బదులు, పుస్తకం తెరిచి పెట్టుకోమని, “రాత్రి రెండింటికి, మధ్యాహ్నం రెండింటికి చెరువు నీటి పీహెచ్‌లో ఏది ఎక్కువ, ఎందుకు?” అని అడగండి. పాఠం అర్థమైనవాడు మూడు వాక్యాల్లో రాస్తాడు. అర్థం కానివాడు పేజీలు తిప్పుతూనే ఉంటాడు. ఎవరికి మళ్లీ చెప్పాలో మీకు తెలిసిపోతుంది.

మీరు చదువుకోవడానికి: జన విజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల సైన్స్ పత్రిక ‘చెకుముకి’ని బడికి తెప్పించండి. అరవింద్ గుప్తా గారు చెత్తతో చేసే బొమ్మల వీడియోలు, పుస్తకాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఒక్క సాయంత్రం కూర్చుంటే ఏడాదికి సరిపడా దొరుకుతాయి.

సామానుకు పెద్ద ఖర్చు లేదు. పీహెచ్ పేపరు పుస్తకాలు రెండు, దారం ఉండ, కొలత టేపు, భూతద్దం, థర్మామీటరు, అయస్కాంతాలు, రబ్బరు బ్యాండ్లు, పాత సైకిలు ట్యూబు ముక్కలు, నాలుగు ప్లాస్టిక్ సీసాలు. ఇవన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి క్లాసులోనే ఉంచండి, తాళం వేసినా చెవి పిల్లల లీడర్ దగ్గర ఉండాలి. మొదటి నెలలో థర్మామీటరు పగులుతుంది. మళ్లీ కొనండి, ఈసారి పాదరసం లేనిది కొనండి.